చలిలో మొరాయించే కెమెరా
(సంక్రాంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పుడే మన పిల్లలు చేసిన కూచిపూడి చూశాము. మరి కాసేపట్లో భోజనాలు. ఈ రెంటి మధ్యా నిలబడి మాట్లాడేవాడి అవస్థ ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. కార్యవర్గం వారు నన్ను జర్మనీలో తెలుగు సంస్కృతి గురించి మాట్లాడమన్నారు. ఆ విషయం నాకంటే బాగా చెప్పగలిగినవారు ముందు వరసలోనే నలుగురైదుగురు కూర్చుని వున్నారు. అంచేత వారి అనుమతితో, నాకు కాస్తో కూస్తో తెలిసిన ఓ చిన్న విషయం మాట్లాడతాను. చలిలో కెమెరాలు ఎందుకు మొరాయిస్తాయి, మొరాయిస్తే మనం ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అన్నదే ఆ విషయం.

నవ్వకండి. ప్రతి ఏడూ క్రిస్మస్ సెలవులు అయ్యేసరికి నాకు కనీసం ముగ్గురు ఫోను చేస్తారు. "అన్నయ్యగారూ, పిల్లల్ని మంచులోకి తీసుకువెళ్ళాము, పది ఫోటోలు తీసేసరికి కెమెరా చచ్చిపోయింది, కొత్తది కొనమంటారా?" అని. నూటికి తొంభైమంది కొనక్కరలేదు. మిగిలిన పదిమందీ ఇంటికి వచ్చాక చేసిన పనివల్ల కొనవలసివస్తుంది. ఆ పదిమందిలో నేనొకణ్ణి కనుక, అధికారంతోనే మాట్లాడుతున్నాను.

మా నాన్నగారికి తెనాలిలో ఓ చిన్న ఫోటో స్టూడియో వుండేది. పెళ్ళిళ్ళు, పరీక్షల హాలు టిక్కెట్లకి పాస్‌పోర్టు ఫోటోలు, అప్పుడప్పుడూ పోయినవారి ఫోటో పెద్దది చేసి రంగులు దిద్దటం. ఇదీ వ్యాపారం. ఆయన చేతిలో వుండే రోలీకార్డ్ కెమెరా బ్రౌన్‌ష్వైగ్‌లో తయారైంది. అందులో వేసే ఓర్వో ఫిల్ము అప్పటి తూర్పు జర్మనీలోని వోల్ఫెన్ నుంచి వచ్చేది. ఆ డబ్బాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదవటమే నేను నేర్చిన మొదటి జర్మను. ఆ రోజుల్లో నాన్నగారి శత్రువు చలి కాదు, తేమ. వానాకాలం వస్తే లెన్సులకి బూజు పట్టేది. ఆయన ఓ చెక్క బీరువాలో 40 క్యాండిల్ బల్బు ఒకటి రాత్రింబవళ్ళు వెలిగించి, కెమెరాలన్నీ అందులో పెట్టేవారు. "బూజు పట్టిన లెన్సు, పుచ్చిన పన్ను ఒకటే, పీకెయ్యటమే" అనేవారు. ఈ బీరువా సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

2010 నవంబరులో అమ్మా నాన్నగారూ మా యింటికి వచ్చారు. అప్పుడు మేము ఫ్రైబుర్గ్‌లో వుండేవాళ్ళం. ఆ డిసెంబరు ఇక్కడ వున్నవాళ్ళెవరూ మరచిపోరు. 1969 తరువాత అంత చలి డిసెంబరు జర్మనీలో రాలేదు. విమానాలు ఆగిపోయాయి, రైళ్ళు ఆగిపోయాయి. అమ్మ మాత్రం కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, "ఒరే, దీన్ని కొండమీద చూడాలిరా" అన్నది. సరే, ఓ ఎండ కాసిన రోజు చూసుకుని నల్ల అడవిలోని ఫెల్డ్‌బెర్గ్‌కి బయలుదేరాము. దాని ఎత్తు 1493 మీటర్లు. బేరెన్‌టాల్ స్టేషను దాకా రైలు, అక్కడినుంచి బస్సు, ఆపైన తీగమీద వేళ్ళాడే కుర్చీలో 1448 మీటర్ల ఎత్తున్న జేబుక్ శిఖరానికి. అమ్మ మంగళగిరి చీర మీద మా ఆవిడ కోటు వేసుకుని, నెత్తిన మంకీ క్యాపు, కాళ్ళకి నా బూట్లు. ఆ తీగ కుర్చీలో కళ్ళు మూసుకుని ఆంజనేయ దండకం మొదలుపెట్టింది. దండకం పూర్తయ్యేలోగా పైకి చేరాము.

పైన మైనస్ 12 డిగ్రీలు. చెట్లన్నీ గాలివాటుగా మంచు పేరుకుని, మనుషులు దుప్పట్లు కప్పుకుని నిలబడినట్టు వున్నాయి. అమ్మ వంగి దోసెడు మంచు తీసుకుని, "దూదిలా వుంటుందనుకున్నాను, ఉప్పులా వుందేమిట్రా" అని పెద్దగా నవ్వింది. ఆ నవ్వు తీద్దామని నేను కెమెరా ఎత్తాను. మీట నొక్కాను. ఎర్రగా ఓ బ్యాటరీ బొమ్మ వెలిగింది, ఆరిపోయింది. అంతే. పొద్దున్నే నిండా చార్జి చేసిన బ్యాటరీ అది. రెండో బ్యాటరీ వుంది, ముందుజాగ్రత్తగా తెచ్చాను; కాని దాన్ని వీపు సంచీ పైజేబులో పెట్టాను. అదీ అంతే చల్లగా వుంది, అదీ అంతే చచ్చింది.

ఇక్కడ కాస్త ఆగి, ఆ బ్యాటరీలో ఏం జరిగిందో చెబుతాను.

ఈ రోజుల్లో కెమెరాల్లోనూ ఫోనుల్లోనూ వుండేది లిథియం అయాన్ బ్యాటరీ. 1991లో సోనీ కంపెనీవారు మొదట బజారులోకి తెచ్చారు. దీనికి పునాది వేసిన విటింగ్‌హామ్, గుడినఫ్, యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇందులో రెండు వైపులా రెండు పలకలు, మధ్యలో ఓ ద్రవం. లిథియం కణాలు ఆ ద్రవంలో ఈది ఓ పలక నుంచి రెండో పలకకి పోవాలి. అవి పోతేనే మనకి కరెంటు. చలికి ద్రవం చిక్కబడుతుంది, కణాల నడక మందగిస్తుంది.

సంక్రాంతి రోజుల్లో మన ఊళ్ళో కొబ్బరినూనె సీసా గుర్తుతెచ్చుకోండి. సీసా నిండా నూనె వుంటుంది. తలకి రాసుకుందామని బోర్లిస్తే చుక్క పడదు. నూనె ఎక్కడికీ పోలేదు, గడ్డకట్టింది. ఎండలో పెట్టినా, పొయ్యి పక్కన పెట్టినా మళ్ళీ నూనె నూనే. బ్యాటరీ నిజంగా గడ్డకట్టదు గాని, తీరు మాత్రం ఇదే. చార్జి వుంది, బయటికి రాలేకపోతోంది. కెమెరా మోటారు తిప్పి ఫోకసు చెయ్యటానికి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడుగుతుంది. లోపలి నిరోధం పెరిగివుండటం వల్ల వోల్టేజి దభాలున పడిపోతుంది. కెమెరాకి వోల్టేజి తప్ప వేరే సంగతి తెలియదు. బ్యాటరీ అయిపోయిందనుకుని తనంతట తానే ఆగిపోతుంది.

మీ కెమెరాతో వచ్చిన పుస్తకం ఎప్పుడైనా తెరిచారా? నేనూ తెరవలేదు. తెరిస్తే చివరి పేజీల్లో వుంటుంది. చాలా కెమెరాలకి 0 నుంచి 40 డిగ్రీల దాకానే పూచీ. కొన్నింటికి మైనస్ 10 దాకా. ఫోనులు మరీ సుకుమారం, చాలావాటికి 0 నుంచి 35. అంటే జర్మనీలో మంచు పడిన రోజున మనం తీసే ప్రతి ఫోటో కంపెనీవాడి పూచీ దాటి తీస్తున్నదే.

కొండమీద నాన్నగారు ఏం చేశారో చెబుతాను. ఆయన ఈ బ్యాటరీని జన్మలో చూడలేదు. ఆయన కెమెరాకి బ్యాటరీయే లేదు. అయినా నా చేతిలోంచి లాక్కుని, స్వెట్టరు లోపల, బనీనుకి ఆనించి, చంకలో పెట్టుకున్నారు. "జబ్బుపిల్లాడికి ఒళ్ళు చల్లబడితే ఏం చేస్తార్రా?" అన్నారు. పావుగంట మంచులో అటూ ఇటూ పచార్లు చేసి, తీసి ఇచ్చారు. కెమెరా బ్రతికింది. పదకొండు ఫోటోలు తీశాను. మళ్ళీ ఆగింది.

చెయ్యవలసింది అదే, అంతకంటే మేలైన పద్ధతి ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. రెండు బ్యాటరీలు వుండాలి. ఒకటి కెమెరాలో, ఒకటి ఒంటికి దగ్గరగా లోపలి జేబులో. కెమెరాలోది నీరసించగానే మార్చండి. తీసినదాన్ని పారెయ్యక లోపలి జేబులో వెయ్యండి, అది మళ్ళీ కోలుకుంటుంది. ఇలా రెంటినీ మార్చి మార్చి సాయంత్రం దాకా లాగవచ్చు. ఆ జేబులో తాళాలు, చిల్లర నాణేలు వుంచకండి. బ్యాటరీ మొనలకి తగిలితే షార్టు అయి కాలుతుంది. ప్లాస్టిక్ మూత వుంటే తప్పక పెట్టండి. క్రిస్మస్ బజారులో అమ్మే, చిన్న రేకు బిళ్ళ నొక్కితే వేడెక్కే సంచీలు చేతులకి మంచివే, కాని బ్యాటరీని వాటికి నేరుగా ఆనించకండి. ఒంటి వేడి చాలు.

మరో మాట. ఇంటికి రాగానే చల్లటి బ్యాటరీని చార్జింగుకి పెట్టకండి. సున్నా డిగ్రీల కింద చార్జి చేస్తే లిథియం పలక లోపలికి ఇంకక, పైన లోహంగా పేరుకుపోతుంది. ఆ నష్టం మళ్ళీ తీరేది కాదు. గది వేడికి వచ్చేదాకా ఓ గంట బల్లమీద వుంచి, కాఫీ తాగి, అప్పుడు పెట్టండి.

ఇంతవరకూ చెప్పింది కొండమీద జరిగిన అపాయం. అది చిన్నది. పెద్దది కింద జరిగింది.

మంచులో గంటన్నర తిరిగి, కిందికి వచ్చి, ఓ ఫలహారశాలలో దూరాము. లోపల వెచ్చగా వుంది, సూపు పొగలు, తడిసిన కోట్లు, నలభైమంది మనుషులు. అమ్మకి ఫోటోలు చూపించాలని ఉబలాటంకొద్దీ, సంచీ తెరిచి కెమెరా బల్లమీద పెట్టాను. చూస్తూవుండగానే నల్లటి కెమెరా తెల్లబడింది. తరువాత చెమటలు పట్టినట్టు నీళ్ళు కారాయి. లెన్సు మీద, తెర మీద, మీటల సందుల్లో, అన్నిచోట్లా. నేను కాగితం రుమాలుతో పైపైన తుడిచి మీట నొక్కాను. నాన్నగారు అంతమంది జర్మనుల ముందు, "ఒరే, ఆపరా!" అని కేక వేశారు. అప్పటికే వెలిగింది. ఫోటోలు కనిపించాయి. అమ్మ చూసి సంతోషించింది. నేను నాన్నగారి వంక, చూశారా ఏమీ కాలేదు అన్నట్టు చూశాను.

మూడు వారాల తరువాత ఆ కెమెరా లెన్సు బయటికి వచ్చి లోపలికి పోవటం మానేసింది. బాగుచేసే దుకాణంవాడు విప్పి చూపించాడు. లోపలి పచ్చ పలక మీద, రాగి చెంబుకి చిలుము పట్టినట్టు పట్టింది. నీటివల్ల పాడైనదానికి గ్యారంటీ వర్తించదన్నాడు. వాణ్ణి అనవలసినదేమీ లేదు, తప్పు నాది.

ఎందుకిలా జరిగిందో జర్మనీలో కాపురం వున్న మనకి బాగా తెలియాలి. కొత్తగా ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు ఇంటివాడు మనకి చేసే మొదటి ఉపదేశం ఏమిటి? రోజూ కిటికీలు బార్లా తెరిచి గాలి ఆడనివ్వండి, లేకపోతే గోడలకి బూజు పడుతుంది అని. మనం ఇడ్లీలు వేస్తాము, పప్పు వుడికిస్తాము, చారు మరిగిస్తాము. ఆ ఆవిరంతా వెళ్ళి చల్లటి కిటికీ అద్దం మీద నీరై కారుతుంది. ఎంత చల్లటి వస్తువు మీద గాలిలోని ఆవిరి నీరవుతుందో ఆ ఉష్ణోగ్రతని వీళ్ళు టౌపుంక్ట్ అంటారు. దాన్ని లెక్కకట్టే సూత్రానికి హైన్రిష్ గుస్టాఫ్ మాగ్నుస్ అనే బెర్లిను శాస్త్రవేత్త పేరే పెట్టారు.

లెక్క చిన్నదే. 20 డిగ్రీల గాలి, ఘనమీటరుకి 17 గ్రాముల నీటి ఆవిరి దాకా మొయ్యగలదు. సున్నా డిగ్రీల గాలి 5 గ్రాములు కూడా మొయ్యలేదు. మైనస్ 10 దగ్గర 2 గ్రాముల పైచిలుకు మాత్రమే. మన గదిలో 20 డిగ్రీల వేడి, సగం తేమ వుంటే, 9 డిగ్రీలకంటే చల్లగా వున్న ఏ వస్తువు మీదనైనా నీరు పడుతుంది. మరి మైనస్ 10లో గంటసేపు వున్న కెమెరా సంగతి ఏమిటి? పైనే కాదు, మూతల సందుల్లోంచి గాలి లోపలికి పోతే లోపలా పడుతుంది. మళ్ళీ వెంటనే బయటికి తీసుకువెళ్ళారా, ఆ నీరే మంచై, మీటలు బిగుసుకుపోతాయి.

అంటే చలి కెమెరాకి కొంత ఇబ్బంది. చలిలోంచి వేడిలోకి రావటం అసలు ముప్పు. దీనికి తలకిందులు మన ఊళ్ళో జరుగుతుంది. మచిలీపట్నంలో మే నెల సాయంత్రం ఏసీ కారు దిగగానే కళ్ళజోడు మసకబారదూ? అక్కడ బయట గాలిలో అంత తేమ, 22 డిగ్రీల అద్దం కూడా దానికి చల్లటి వస్తువే. సూత్రం ఒక్కటే, దేశం వేరు. నాన్నగారికి ఇది చప్పున స్ఫురించటానికి కారణం అదే. ఆయన నలభై ఏళ్ళు కెమెరాకీ నీటికీ మధ్య కాపలా కాశారు. ఆ బీరువాలోని బల్బు చేసిన పని కూడా, లెన్సుని చుట్టుపక్కల గాలికంటే రెండు డిగ్రీలు వెచ్చగా వుంచటమే.

కనుక ఇలా చెయ్యండి. ఇంట్లోకి అడుగు పెట్టకముందే, బయట చలిలో వుండగానే, కెమెరాలోంచి కార్డూ బ్యాటరీ తీసి జేబులో వేసుకోండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. ఎందుకంటే లోపలికి వెళ్ళగానే ఫోటోలు చూద్దామని అందరూ ప్రాణం తీస్తారు, మనకీ ఆత్రమే. కార్డు చేతిలో వుంటే కంప్యూటరులో పెట్టి చూసుకోవచ్చు, కెమెరా జోలికి పోనక్కరలేదు. తరువాత కెమెరాని వంటింట్లో వాడే, నొక్కితే మూతపడే ప్లాస్టిక్ సంచీలో పెట్టి, లోపలి గాలి వీలైనంత పోనిచ్చి, బిగించండి. అప్పుడు లోపలికి రండి. నీరు పట్టితే సంచీ మీద పడుతుంది, కెమెరా మీద పడదు. గట్టి జిప్పు వున్న కెమెరా సంచీ అయినా కొంత పనిచేస్తుంది. రెండు మూడు గంటలు ముట్టుకోకండి. గడప దగ్గర, హీటరు లేని నడవలో కాసేపు వుంచి తరువాత గదిలోకి తెస్తే ఇంకా మంచిది. కారులో వచ్చేవారు డిక్కీలో పెట్టుకు రండి, ముందు సీట్లో వేడిగాలి గొట్టం ఎదురుగా వద్దు.

ఒకవేళ తడి పట్టనే పట్టిందనుకోండి. స్విచ్చి వెయ్యకండి. బ్యాటరీ, కార్డు తీసెయ్యండి, మూతలు తెరిచి వుంచండి, పొడిగా గాలి ఆడేచోట ఒక పూటో రెండు పూటలో వదిలెయ్యండి. హైట్సుంగ్ మీద పెట్టకండి, జుట్టు ఆరబెట్టే యంత్రం పట్టకండి. వేడిగాలి నీటిని ఇంకా లోపలికి తోస్తుంది. బియ్యంలో పాతిపెట్టమని చాలామంది చెబుతారు. నాన్నగారు ఒప్పుకునేవారు కాదు. "బియ్యంలో తవుడు వుంటుంది, అది సందుల్లో దూరితే తడికంటే దరిద్రం" అనేవారు. కొత్త బూట్ల పెట్టెల్లో వచ్చే చిన్న పొట్లాలు, సిలికా జెల్ వున్నవి, వాటిని పారెయ్యకుండా ఓ డబ్బాలో దాచుకోండి. కెమెరాతోపాటు నాలుగు వేసి మూత పెట్టండి. మా యింట్లో మా ఆవిడ వాటిని చూసి, ఈ మనిషికి పిచ్చి ముదిరింది అంటూంటుంది.

ఇక ఆ పదకొండు ఫోటోల సంగతి. కెమెరా పోయినా కార్డు పోలేదు. కార్డులకి కదిలే భాగాలు లేవు, చాలావాటికి మైనస్ 25 దాకా భయం లేదు. కంప్యూటరులో వేసి చూస్తే, పదకొండూ మబ్బు పట్టినట్టు వున్నాయి. తెల్లటి మంచు బూడిదరంగులో వుంది, అమ్మ ముఖం నల్లగా వుంది. ఇది కెమెరా చెడటం కాదు. కెమెరా వెలుతురు కొలిచే పద్ధతి అంతే. లోకంలో సగటున ఏ దృశ్యమైనా ఓ మధ్యస్థమైన బూడిదరంగు అని దానికి నేర్పారు. నిండా తెల్లటి మంచు ఎదురుగా వుంటే, అబ్బో వెలుతురు ఎక్కువైంది అనుకుని తగ్గిస్తుంది. తెల్ల ముఖాలవారు ఆ తగ్గింపుని ఎలాగో తట్టుకుంటారు. మన చామనఛాయ ముఖాలు అందులో మునిగిపోతాయి. కనుక మంచులో కూడిక, తీసివేత గుర్తులు వున్న మీట వెతికి, కూడిక వైపు ఒకటి, ఒకటిన్నర, బాగా ఎండ కాసి అంతా మంచే అయితే దాదాపు రెండు దాకా జరపండి. ఫోనులో అయితే ముఖం మీద వేలితో తట్టి, పక్కనే వచ్చే సూర్యుడి బొమ్మని పైకి లాగండి. మంచు కాస్త వెలిసిపోయినా ఫరవాలేదు. మనం తీస్తున్నది మంచుని కాదు కదా.

ఇదంతా నేను తరువాత నేర్చుకున్నాను. అప్పట్లో కార్డులో ఎక్కువ పట్టాలని అన్నిటికంటే చిన్న సైజు పెట్టాను కూడా.

అమ్మ 2015లో పోయింది. పెద్దకర్మకి ఫోటో కావాలి. మా యింట్లో అమ్మ ఫోటోలకి లోటు లేదు, స్టూడియోవాడి భార్య. కాని అన్నీ కుర్చీలో కూర్చుని, పమిట సర్దుకుని, కెమెరా వంక భయంగా చూస్తున్నవే. నాన్నగారు, "ఆ మంచులోది వుంది కదరా, నవ్వింది, అది తియ్యి" అన్నారు. రాత్రి రెండింటిదాకా కూర్చుని ఆ చీకటిలోంచి ముఖాన్ని పైకి తెద్దామని చూశాను. వచ్చింది. కాని చిన్న సైజు ఫోటోలో నీడలో పడిన భాగాన్ని వెలిగిస్తే, కెమెరా అక్కడ ముందే పారేసుకున్న వివరం ఎక్కడినుంచి వస్తుంది? బుగ్గల మీద ఇసుక చల్లినట్టు చుక్కలు. నాన్నగారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. ఆయనా వృత్తివాడే కదా. "ఒకటిన్నర తక్కువైంది" అన్నారు. అదే కట్టించాము. ఇప్పుడు కూడా మా హాల్లో వుంది. వచ్చినవారు మంచు పడుతూండగా తీశారా అని అడుగుతారు. అవునంటాను.

వీలున్నవారు కెమెరాలో రా అనే పద్ధతి పెట్టుకోండి. చోటు ఎక్కువ తింటుంది, కాని నీడల్లో వివరం దాచివుంచుతుంది. ఈ రోజుల్లో కార్డులు చవక.

మిగిలిన చిన్న చిన్న పేచీలు త్వరగా చెప్పి ముగిస్తాను. వంటింట్లోంచి పులిహోర వాసన వస్తోంది.

చలిలో వెనక తెర మీద బొమ్మ తోకలు లాగుతూ ఆలస్యంగా కదిలితే భయపడకండి. అందులో వున్నవి ద్రవ స్ఫటికాలు, చలికి అవి బద్ధకిస్తాయి. 1888లో ప్రాగ్‌లో రైనిట్సర్ వాటిని మొదట గమనిస్తే, తరువాత కార్ల్స్‌రూయెలో పనిచేసిన ఓటో లేమాన్ వాటిని జీవితమంతా పరిశోధించాడు. మన బెంగుళూరులో రామన్ పరిశోధనాలయంలో ఎస్. చంద్రశేఖర్ గారూ వారి మిత్రులూ 1977లో వాటిలో ఓ కొత్త జాతినే కనుగొన్నారు. అందుకని వాటిమీద నాకు కోపం లేదు. వెచ్చబడితే తెర మామూలే.

కెమెరా కంటి దగ్గర పెట్టుకున్నప్పుడు ఊపిరి ముక్కులోంచి పక్కకి వదలండి. లెన్సు మీద మంచు రవ్వలు పడితే నోటితో ఊదకండి, ఊపిరి అక్కడే గడ్డకడుతుంది. మెత్తని కుంచెతో తుడవండి. అద్దాలు లేని కొత్తరకం కెమెరాల్లో తెరో, కంటి దగ్గరి చిన్న తెరో ఎప్పుడూ వెలుగుతూనే వుంటుంది కనుక, బ్యాటరీ పాతరకంకంటే త్వరగా అవుతుంది. తీయని సమయంలో ఆపెయ్యండి. తీసిన ప్రతి ఫోటో వెంటనే చూసుకోవటం మానండి, అదీ ఖర్చే. ఫోనుని పై కోటు జేబులో కాక లోపల వుంచండి.

ఫిల్ము కాలంలో ఇంతకంటే హాయిగా వుండేదని కొందరు పెద్దలు అంటారు. అంత హాయి ఏమీ లేదు. చలిలో ఫిల్ము పెళుసెక్కి విరిగేది. త్వరగా తిప్పితే రాపిడికి విద్యుత్తు పుట్టి, కడిగిన తరువాత ఫోటో మీద మెరుపుతీగల్లాంటి గీతలు కనిపించేవి. ధ్రువప్రాంతాలకి వెళ్ళేవారు కెమెరాలు విప్పించి లోపలి నూనె తీయించుకుని పోయేవారు.

చలివల్ల ఓ మేలు కూడా వుంది. కెమెరా లోపల వెలుతురు పట్టే పలక వేడెక్కితే చీకట్లో దొంగ చుక్కలు చూపిస్తుంది. ఆరేడు డిగ్రీలు చల్లబడితే ఆ గొడవ సుమారు సగం అవుతుంది. అందుకే నక్షత్రాలని ఫోటో తీసేవారు చలికాలం కోసం ఎదురుచూస్తారు. బెర్లినుకి పడమరగా వెస్ట్‌హావెల్లాండ్‌లో, 2014 నుంచి నక్షత్రాల కోసం చీకటిని కాపాడే ప్రాంతం ఒకటి వుంది. ఉత్సాహం వున్న కుర్రవాళ్ళు లోపలి జేబులో రెండు బ్యాటరీలు వేసుకుని ఓ రాత్రి వెళ్ళిరండి.

నాన్నగారు ఇప్పుడు తెనాలిలోనే వున్నారు. స్టూడియో ఎప్పుడో మూసేశారు. చెక్క బీరువా మాత్రం వుంది. పోయినసారి వెళ్ళినప్పుడు తెరిచి చూస్తే 40 బల్బుకి బదులు ఎల్.ఇ.డి. బల్బు వుంది. మా తమ్ముడు కరెంటు ఆదా అని మార్చాడట. "వెలుగుతోంది గాని వేడి లేదురా, బూజు వచ్చేసింది" అన్నారు. పాత బల్బు కోసం బజారంతా తిరిగి రెండు కొని ఇచ్చి వచ్చాను.

భోజనాల తరువాత బయట మెట్ల మీద అందరికీ కలిపి ఫోటో తీయాలని కార్యదర్శిగారు చెప్పమన్నారు. బయట మైనస్ 4 వుందట. కెమెరాలు తెచ్చినవారు బ్యాటరీలు ఇప్పుడే తీసి లోపలి జేబుల్లో వేసుకోండి. ఫోటో అయ్యాక కెమెరాలని సంచీలో మూసి లోపలికి తీసుకురండి. సంచీలు లేనివారికి నేను ఓ పాతిక తెచ్చాను, తలుపు దగ్గర బల్లమీద వున్నాయి. ముందు వరసలో కూర్చునే ఆడవారు దయచేసి శాలువాలు తీసెయ్యనక్కరలేదు, చీరలు కనపడకపోయినా ఫరవాలేదు. కూడిక వైపు ఒకటిన్నర నేను పెడతాను.